భూ యజమానులకు సంరక్షణ పథకాలు: సంతకం వరకే స్వచ్ఛందం

మీ ప్రశ్నలో చెప్పిన వివరాలను ముందు ఒకచోట చేరుస్తాను. మీరూ మీ బావమరిదీ కలిసి మిస్సోరీ రాష్ట్రం ఉత్తర భాగంలో 140 ఎకరాలు కొన్నారు. డీడ్ మీ పేర్ల మీదికి మారి ఎనిమిది నెలలైంది. 80 ఎకరాల వాలు పొలంలో స్థానిక రైతు ఒకరు కౌలుకు మొక్కజొన్న, సోయా వేస్తున్నారు. 45 ఎకరాల పచ్చికలో ఆయన పశువులే మేస్తున్నాయి. మిగిలినది వాగు, దాని వెంబడి చెట్లు. వాలు పొలంలో రెండుచోట్ల వాన నీరు గండి కొడుతోంది, పశువులు దిగేచోట వాగు గట్టు కూలుతోంది. నేలను కాపాడుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుందని విన్నారు కనుక, అది నిజమేనా, తీసుకుంటే భూమిపై హక్కు తగ్గుతుందా, బయటివాళ్ళు లోపలికి వచ్చే వీలు కలుగుతుందా, ఏ పథకం మంచిది అని అడిగారు.

డబ్బు ఇవ్వడం నిజమే. యాజమాన్యం మీ దగ్గరే ఉంటుంది. ఈజ్‌మెంట్, అంటే భూమి వాడకం మీద కొన్ని హక్కులను వదులుకునే ఒప్పందం, అమ్మితేనే ఆ హక్కులు తగ్గుతాయి. ఈ ఒప్పందాల వల్ల జనానికి మీ భూమిలో అడుగుపెట్టే హక్కు రాదు, పనిని తనిఖీ చేసే ఉద్యోగులు మాత్రం వస్తారు. ఇక "ఏ పథకం మంచిది" అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టమంటాను. సంరక్షణ ప్రణాళికలు రాసే పనిలో చాలాకాలం ఉన్నవాడిగా నేను చూసినంతలో, పథకం పేరు పట్టుకుని ఆఫీసుకు వచ్చినవారి కంటే "మా పొలంలో ఇక్కడ నేల పోతోంది, ఏం చేయాలి" అని వచ్చినవారికే పని సవ్యంగా జరిగింది. ఈ పథకాలన్నీ నేల, నీరు, మొక్కలు, పశువులు, గాలి వంటివాటిలో ఏదో ఒక నిర్దిష్టమైన సమస్యను గుర్తించి, దాన్ని ఎంతవరకు తీర్చగలరన్నదాన్ని బట్టి మార్కులు వేస్తాయి. సమస్య తేలకుండా పథకం ఎంచుకుంటే, మీ భూమికి అక్కరలేని పనికి పదేళ్ళు కట్టుబడవలసి వస్తుంది. సంతకం చేసేవరకే ఇది స్వచ్ఛందం, ఆ తర్వాత ఇది ఒప్పందం.

ఈ ఏర్పాటు ఇలా ఎందుకు ఉందో తెలిస్తే ఆఫీసులో వాళ్ళు మాట్లాడే తీరు సులభంగా అర్థమవుతుంది. అమెరికా భూమిలో దాదాపు 60 శాతం ప్రైవేటు యజమానుల చేతిలో ఉంది, కాబట్టి నేల కోతను ఆపాలంటే వాళ్ళ ఒప్పుదల లేకుండా కుదరదు. 1930 దశకంలో మధ్య మైదానాల నుంచి లేచిన దుమ్ము తుపానులు తూర్పు తీరం దాకా వెళ్ళాయి. 1935 ఏప్రిల్ 14న వచ్చిన పెద్ద దుమ్ము తుపాను తర్వాత రెండు వారాలు తిరక్కుండానే, ఏప్రిల్ 27న, నేల సంరక్షణ చట్టం వచ్చింది. నేల శాస్త్రవేత్త హ్యూ హామండ్ బెన్నెట్ నాయకత్వంలో వ్యవసాయ శాఖలో సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ ఏర్పడింది, 1994లో దాని పేరు నాచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్‌గా మారింది. వాడుకలో ఎన్‌ఆర్‌సీఎస్ అంటారు. వాషింగ్టన్ నుంచి వచ్చిన ఉద్యోగి చెబితే రైతు వినడన్న సంగతి అప్పటివాళ్ళకు బాగా తెలుసు. అందుకే 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రాష్ట్రాల గవర్నర్లకు ఒక నమూనా చట్టం పంపి, స్థానిక భూ యజమానులే నడిపే సంరక్షణ డిస్ట్రిక్టులను పెట్టించమని కోరారు. ఇప్పుడు దేశమంతటా అలాంటివి దాదాపు 3,000 ఉన్నాయి. మిస్సోరీలోనైతే 114 కౌంటీలకు కౌంటీకి ఒకటి చొప్పున ఉన్నాయి. మీ రాష్ట్రానికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం కూడా ఉంది: ఏ పంట కింద ఎంత నేల కొట్టుకుపోతుందో కొలవడానికి 1917లోనే కొలంబియాలోని విశ్వవిద్యాలయంలో ప్రయోగ మడులు కట్టారు.

ఇక మీ పొలానికి వస్తే, పథకాలను అవి మిమ్మల్ని ఎన్నేళ్ళు కట్టివేస్తాయన్న లెక్కన చూడటం మేలు. ఏ ఒప్పందమూ అక్కరలేనిది సాంకేతిక సలహా. ఎన్‌ఆర్‌సీఎస్ ప్లానర్ మీ పొలానికి వచ్చి, మీతో నడిచి, వాలు, మట్టి రకం, పంటల క్రమం లెక్కగట్టి సంరక్షణ ప్రణాళిక రాసిస్తారు. దీనికి రుసుము లేదు, ఆ ప్రణాళికను అమలు చేసి తీరాలన్న నిబంధన కూడా లేదు. చాలామంది దీన్ని దరఖాస్తుకు ముందు చేసే లాంఛనంగా తీసిపారేస్తారు కానీ, నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే విలువైనది ఇదే. లోతైన నేలకు కూడా ఏడాదికి ఎకరాకు 5 టన్నుల వరకు కోతనే సహించదగిన హద్దుగా పెట్టుకుంటారు. వినడానికి ఎక్కువగా అనిపించినా, ఎకరమంతా పరిస్తే అది మిల్లీమీటరు మందం కూడా ఉండదు, కంటికి ఆనదు. మీకు కనబడుతున్న గండ్లు రెండే అయినా, వాటి చుట్టూ వాలంతా పలుచగా పోతున్న నేల ఎంతో లెక్క వేస్తేనే తెలుస్తుంది.

తర్వాతది ఈక్విప్, అంటే ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్. 1996 వ్యవసాయ చట్టంతో మొదలైంది. సాగులో ఉన్న భూమిలోనే ఒక నిర్దిష్టమైన పని చేయడానికి అంచనా ఖర్చులో 75 శాతం వరకు ఇస్తారు. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవారికి, తక్కువ వనరులున్న రైతులకు, మాజీ సైనికులకు ఇది 90 శాతం వరకు ఉండవచ్చు, అందులో కనీసం సగం ముందుగానే అడిగి తీసుకునే వీలూ ఉంది. వరుసగా పదేళ్ళకు మించి వ్యవసాయం చేయనివారు "కొత్త రైతు" కింద లెక్క. అది విని సంబరపడకండి, ఎందుకంటే ఆ గుర్తింపు కావాలంటే వ్యవసాయ నిర్వహణలో మీ పాత్ర గణనీయంగా ఉండాలి. భూమి మొత్తం కౌలుకిచ్చి నగరంలో ఉద్యోగం చేసుకునేవారికి అది దక్కుతుందని నేను హామీ ఇవ్వను. ఒప్పందం పదేళ్ళ లోపు ఎంతైనా ఉండవచ్చు. మీ గండ్లకూ వాగు గట్టుకూ సరిపోయేది ఇదే అని నా అభిప్రాయం, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

వాలు పొలంలో గండి పడుతున్నచోట సాధారణంగా సూచించే పని గడ్డి కాలువ, వాళ్ళ జాబితాలో 412 నంబరు. గండిని మట్టితో పూడ్చి వదిలేస్తే తర్వాతి పెద్ద వానకే మళ్ళీ తెగుతుంది, ఎందుకంటే పైనుంచి దిగే నీటికి అదే దారి. గడ్డి కాలువలో ఆ దారిని మూసే బదులు వెడల్పు చేస్తారు. పళ్ళెంలా లోతు తక్కువగా, వెడల్పుగా మలిచి, గట్టిగా వేరుపట్టే గడ్డి వేస్తే నీటి వేగం తగ్గి నేల తెగదు. పదేళ్ళకోసారి వచ్చేంత పెద్ద 24 గంటల వానలో దిగే ఉధృతిని మోయగలిగేలా దాని కొలతలు నిర్ణయిస్తారు. కట్టడం కష్టం కాదు, నిలబెట్టుకోవడమే కష్టం. కౌలు రైతు కలుపు మందు కొడుతూ కాలువ మీదుగా వెళ్ళేటప్పుడు స్ప్రేయర్ ఆపకపోతే గడ్డి చచ్చిపోతుంది. ట్రాక్టరుకు దాన్ని దారిగా వాడుకుంటే చక్రాల జాడల్లోనే కొత్త గండి మొదలవుతుంది. చివరి సాలు కలిసి వస్తుందని ఏటా ఒక అడుగు దున్నుకుంటూ వస్తే, మూడు నాలుగేళ్ళకు కాలువ సన్నబడిపోతుంది. దాని ఆయుష్షు ఒప్పందం లెక్కలో పదేళ్ళు, ఆ పదేళ్ళూ దాన్ని కాపాడే బాధ్యత సంతకం చేసినవారిది.

వాగు దగ్గర పని మరోలా ఉంటుంది. కంచె 382, పైపు 516, నీటి తొట్టి 614, తొట్టి చుట్టూ కంకర పరిచిన గట్టి నేల 561: ఈ నాలుగూ కలిస్తేనే ఒక పని. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను, ముందు నీళ్ళు, తర్వాతే కంచె. తొట్టికి నీరు నమ్మకంగా అందక ముందే కంచె వేస్తే, ఎండాకాలంలో పైపు మొరాయించిన రోజు పశువులు కంచె విరగదొక్కుకుని వాగులోకే పోతాయి. కంచెను గట్టు అంచున కాక వెనక్కి జరిపి వేయించండి, వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చే కొమ్మలూ చెత్తా తీగకు చుట్టుకుంటే స్తంభాలతో సహా లాక్కుపోతాయి. పని పూర్తయ్యాక ఉద్యోగి వచ్చి జీపీఎస్‌తో కంచె పొడవు నడిచి కొలుస్తారు, స్తంభాల మధ్య దూరం, మూలల్లో వేసిన ఆనింపు స్తంభాలు ప్రమాణానికి తగినట్టు ఉన్నాయో లేదో చూస్తారు. అది అయ్యాకే చెల్లింపు. కంచె ఆయుష్షు 20 ఏళ్ళు.

డబ్బు గురించి రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. మొదటిది, వాళ్ళిచ్చేది మీ బిల్లులో 75 శాతం కాదు. రాష్ట్రం మొత్తానికి ముందే నిర్ణయించిన ధరల పట్టిక ఉంటుంది, అడుగు కంచెకు ఇంత, ఒక తొట్టికి ఇంత అని. మీ కాంట్రాక్టరు ఎక్కువ అడిగితే ఆ తేడా మీదే. కాబట్టి ఆ పట్టికను, స్థానికంగా ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు చెప్పే ధరలను పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే సంతకం గురించి ఆలోచించండి. రెండోది మరీ ముఖ్యం: ఒప్పందం ఆమోదం పొందకముందు మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. ముందుగా రాతపూర్వకంగా మినహాయింపు తెచ్చుకుంటే తప్ప దీనికి సడలింపు లేదు. పొరుగున బుల్‌డోజర్ వచ్చింది కదా, చవగ్గా అయిపోతుందని మట్టి కదిలించాక ఆఫీసుకు వెళ్ళినవాళ్ళు ఖాళీ చేతులతో తిరిగిరావడం నేను పదేపదే చూశాను. ఇది ఫెడరల్ డబ్బు కాబట్టి మట్టి తవ్వేముందు పురావస్తు పరిశీలన, చెట్లు కొట్టే పని ఉంటే ఇండియానా గబ్బిలం వంటి అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల పరిశీలన జరుగుతాయి. వీటికి సమయం పడుతుంది. దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకుంటారు కానీ రాష్ట్రం ప్రకటించిన తేదీ నాటికి చేరినవాటినే ఒకదానితో ఒకటి పోల్చి ర్యాంకులిస్తారు. నిధుల కంటే దరఖాస్తులే ఎక్కువ ఉంటాయి కనుక మొదటి ఏడాది రాకపోతే నిరాశపడనక్కరలేదు, దరఖాస్తును తర్వాతి విడతకు కొనసాగించమని అడగండి.

మీ ప్రశ్నలో లేని విషయం ఒకటి ఉంది, కౌలు రైతు. ఏ పని చేసినా రోజూ దాన్ని చూసుకునేది ఆయనే. ఈక్విప్‌కు దరఖాస్తు చేసేవారికి ఒప్పందం ముగిసేవరకు ఆ భూమి మీద నియంత్రణ ఉన్నట్టు చూపాలి. కౌలు రైతు దరఖాస్తు చేస్తే కంచె, తొట్టి వంటి నిర్మాణాలకు యజమాని అంగీకారం కావాలి. సీఎస్‌పీ అనే కన్జర్వేషన్ స్టూవర్డ్‌షిప్ ప్రోగ్రామ్ అయిదేళ్ళ ఒప్పందం, ఇప్పటికే బాగా చేస్తున్నవారు ఇంకా మెరుగుపడటానికిచ్చేది. అది మొత్తం సేద్యానికి వర్తిస్తుంది కాబట్టి సేద్యం నడిపేవారే దరఖాస్తు చేయాలి. మీ విషయంలో అది ఆయన చేయవలసినది, మీరు కాదు. ఏటా మారే నోటి కౌలు అయితే దాన్ని కాగితం మీదికి, కనీసం అయిదేళ్ళకు మార్చుకోండి. గడ్డి కాలువను ఎవరు కోస్తారు, తొట్టి పగిలితే ఎవరు బాగుచేయిస్తారు, కవర్ పంట (ప్రధాన పంట లేని నెలల్లో నేలను కప్పి ఉంచడానికి వేసేది) విత్తనం ఖర్చు ఎవరిది, సాగు నుంచి పోయిన ఎకరాలకు కౌలు ఎంత తగ్గుతుంది అన్నవి అందులో రాసుకోండి. వచ్చే ఏడాది భూమి చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు కవర్ పంట మీద డబ్బు పెట్టడు, ఆ విషయంలో ఆయన్ను తప్పుపట్టలేం.

మీ బావమరిది అడిగిన "సాగు మానేస్తే ప్రభుత్వం కౌలు ఇస్తుందట" అన్నది సీఆర్‌పీ, కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్. ఇది 1985 చట్టంతో వచ్చింది, నడిపేది వ్యవసాయ శాఖలోనే ఉన్న ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. సాగు భూమిని 10 నుంచి 15 ఏళ్ళు గడ్డికో చెట్లకో వదిలితే ఏటా అద్దె, గడ్డి వేసే ఖర్చులో సగం వరకు సాయం ఇస్తారు. 2018 చట్టం ప్రకారం సాధారణ పోటీలో చేరే భూమికి కౌంటీ సగటు కౌలులో 85 శాతానికి, వాగుల వెంట పట్టీల వంటి ప్రత్యేక పనులకు 90 శాతానికి అద్దెను పరిమితం చేశారు, అంటే మంచి నేలకు మార్కెట్ కౌలే లాభం. ఈ లెక్క రైతులకూ తెలుసు. 2007లో 3.68 కోట్ల ఎకరాలతో పథకం తారస్థాయికి చేరింది, తర్వాత ధాన్యం ధరలు పెరిగేసరికి గడువు తీరిన ఒప్పందాలు తిరిగి దుక్కిలోకి వెళ్ళి, 2021 నాటికి దాదాపు 2.1 కోట్ల ఎకరాలకు పడిపోయింది. స్వచ్ఛంద పథకాల బలహీనత ఇక్కడే బయటపడుతుంది: ధర పలికినప్పుడు సంరక్షణ నిలవదు. మీ విషయంలో మరో మూడు అడ్డంకులున్నాయి. భూమి కొని కనీసం 12 నెలలు కావాలి. ఆ పొలం 2012 నుంచి 2017 వరకు ఆరేళ్ళలో నాలుగేళ్ళు సాగులో ఉండాలి, దీనికి పాత యజమాని రికార్డులు ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ దగ్గర దొరుకుతాయి. ఇక కౌలుదారును తప్పించి ఆ భూమిని ఇందులో పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు.

అందువల్ల 80 ఎకరాలూ ఇందులో పెట్టే ఆలోచన వదిలేసి, పొలం అంచుల్లో చెట్ల నీడ పడి పంట సరిగా రాని పట్టీలను చూడమంటాను. క్వెయిల్ పిట్టల కోసం 2004లో ప్రవేశపెట్టిన సీపీ33 అనే రకం సరిగ్గా అలాంటి అంచుల కోసమే. వాగు వెంబడి చెట్ల పట్టీకైతే పక్కనున్న పచ్చికను కూడా తీసుకునే వీలుంది. మీరు స్థానిక గడ్డి జాతులు వేయదలిస్తే విత్తనం సంచి మీది చీటీ చదవడం నేర్చుకోండి. ప్రణాళికలో రాసే పౌన్లు బతికి మొలిచే శుద్ధ విత్తనం లెక్కలో ఉంటాయి. చీటీ మీద శుద్ధత 90 శాతం, మొలక 80 శాతం ఉంటే సంచిలో పనికొచ్చేది 72 శాతమే. ఎకరాకు 8 పౌన్లు వేయమంటే నిజానికి 11 పౌన్లకు పైగా తూచి వేయాలి. చీటీలూ రసీదులూ దాచిపెట్టండి, తనిఖీలో అడుగుతారు. మొదటి ఏడాది ఆ గడ్డి తన బలమంతా వేళ్ళకే పెడుతుంది కాబట్టి పైన కలుపే కనిపిస్తుంది. విత్తనం పాడైందని కంగారుపడి దున్నేయవద్దు, కలుపును ఎత్తుగా కోయిస్తూ ఓపిక పడితే రెండు మూడేళ్ళకు నిలదొక్కుకుంటుంది. ఒప్పందం మధ్యలో బయటికి రావాలంటే తీసుకున్న అద్దెలు వడ్డీతో సహా తిరిగి కట్టాలి, పైన నష్టపరిహారం కూడా ఉంటుంది. భూమి అమ్మితే కొన్నవారు ఒప్పందాన్ని తమ పేరిట మార్చుకుంటే సరి, లేకపోతే ఆ బాకీ మీ మెడకే. అమ్మే ఉద్దేశం ఉంటే అమ్మకపు ఒప్పందంలోనే ఈ షరతు రాయించండి.

30 ఏళ్ళకో శాశ్వతంగానో కట్టివేసేవి ఈజ్‌మెంట్లు. చిత్తడి నేల పునరుద్ధరణకు శాశ్వత ఈజ్‌మెంట్ ఇస్తే దాని పూర్తి విలువ, 30 ఏళ్ళకైతే 50 నుంచి 75 శాతం చెల్లిస్తారు. దానికి 24 నెలల యాజమాన్యం కావాలి, మీరు చెప్పిన భూమిలో అలాంటి నేల ఉన్నట్టూ లేదు, కాబట్టి ఇప్పటికి అక్కరలేదు. అయితే పన్ను మినహాయింపు కోసం ఈజ్‌మెంట్ అన్న మాట మీ చెవిన పడే అవకాశం ఉంది. పెద్ద జీతాలున్న వృత్తి నిపుణులకు ఫోన్లు చేసి, "మా భాగస్వామ్యంలో డాలరు పెట్టండి, నాలుగు డాలర్ల మినహాయింపు వస్తుంది" అనేవాళ్ళు ఉన్నారు. అవి భూమి విలువను ఉబ్బించి చూపే పథకాలు. ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ 2017 నుంచే వాటి మీద కన్ను వేసింది, 2022 డిసెంబరులో వచ్చిన చట్టం భాగస్వామి పెట్టుబడికి రెండున్నర రెట్లు మించిన ఇలాంటి మినహాయింపులను సాధారణంగా చెల్లనివ్వదు. సొంత భూమిని నిజంగా కాపాడాలని మంచి పేరున్న ల్యాండ్ ట్రస్టుకు, అంటే భూముల సంరక్షణ చూసే లాభాపేక్ష లేని సంస్థకు, ఈజ్‌మెంట్ ఇవ్వడం వేరు, అది గౌరవప్రదమైన పనే.

స్వచ్ఛందం కాని నిబంధన ఒకటుంది, కొత్తగా కొన్నవారు దీన్ని తెలియక దాటేస్తుంటారు. 1985 డిసెంబరు 23 తర్వాత చిత్తడి నేలను ఎండగట్టి పంట వేసినా, సులభంగా కోతపడే నేలగా గుర్తించినచోట ఆమోదించిన ప్రణాళిక లేకుండా సాగు చేసినా, వ్యవసాయ శాఖ సాయాల్లో చాలావాటికి అనర్హత వస్తుంది. 2014 నుంచి పంట బీమా ప్రీమియం రాయితీ కూడా అందులో చేరింది. వాలు పొలం కనుక మీది ఆ రెండో కోవలో ఉండే అవకాశం ఎక్కువ. ఏడీ-1026 అనే పత్రం మీద సంతకం చేసేది ఈ నిబంధన పాటిస్తామనే. పచ్చికలోని ఏ మూలనైనా చదును చేయించేముందు, పైపులు పాతి నీరు తీయించేముందు, ఆఫీసులో నిర్ధారణ అడిగి తీసుకోండి.

ఫెడరల్ పథకాల హడావుడిలో రాష్ట్రం సొమ్మును మరిచిపోకండి. మిస్సోరీ ఓటర్లు 1984లో అమ్మకాల మీద 0.1 శాతం పన్నుకు ఒప్పుకున్నారు, ఆ పన్ను రాష్ట్ర పార్కులకూ, నేల, నీటి సంరక్షణకూ వెళుతుంది. తర్వాత పలుమార్లు ఓటేసి దాన్ని కొనసాగించారు. ఆ సొమ్ముతో మీ కౌంటీ డిస్ట్రిక్ట్ గడ్డి కాలువలు, మెట్లకట్టలు, పశువుల మేత వ్యవస్థలకు సాధారణంగా 75 శాతం సాయం ఇస్తుంది. కాగితాలు తక్కువ, నిర్ణయం తీసుకునేది స్థానిక బోర్డు. గడ్డి కాలువకు ఇక్కడ, వాగు కంచెకు ఈక్విప్‌లో అడగడం మంచి పంపకం అవుతుంది. ఒకే పనికి రెండుచోట్లా అడగదలిస్తే ఆ విషయం ఇద్దరికీ ముందే చెప్పాలి.

పన్నుల సంగతి టూకీగా: సీఆర్‌పీ అద్దె ఆదాయమే, 1099-జీ పత్రం వస్తుంది. నిర్మాణాలకిచ్చే సాయంలో కొంత భాగాన్ని పన్ను చట్టంలోని సెక్షన్ 126 కింద ఆదాయం నుంచి మినహాయించుకునే వీలుంది కనుక వ్యవసాయ ఖాతాలు తెలిసిన సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్ళండి. మూడేళ్ళ సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవారికి ఈ చెల్లింపులు సాధారణంగా రావు. మీ వివరాల గోప్యత విషయానికొస్తే, 2008 చట్టంలోని సెక్షన్ 1619 మీరిచ్చిన సేద్యం సమాచారాన్ని, పటాలను బయటపెట్టకుండా కాపాడుతుంది, మీకు ఎంత చెల్లించారన్నది మాత్రం దాచరు.

ఇంకొక విషయం మీరు అడగలేదు కానీ ఆలస్యం చేయదగినది కాదు. మీ ఇద్దరిలో ఎవరైనా ఇంకా హెచ్-1బీ మీదే ఉంటే, అంటే పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, 1978 నాటి విదేశీయుల వ్యవసాయ భూమి వెల్లడి చట్టం వర్తిస్తుంది. కొన్న 90 రోజుల్లోపు వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. మీకు ఎనిమిది నెలలైపోయింది. జరిమానా ఆ భూమిలోని వాటా మార్కెట్ విలువలో 25 శాతం వరకు ఉండవచ్చు. సీఆర్‌పీ చెల్లింపుల అర్హతకూ ఈ హోదా అడ్డు రావచ్చు. పథకాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈ వారమే ఒక న్యాయవాదిని కలిసి దీన్ని తేల్చుకోండి, రాష్ట్ర చట్టం కూడా అడగండి.

ఇద్దరిదీ ఆ హోదా సమస్య కాదనుకుంటే, కౌంటీలోని వ్యవసాయ శాఖ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళండి. డీడ్, కౌలు పత్రం, ఎల్‌ఎల్‌సీ పేర కొని ఉంటే దాని పన్ను నంబరు, సభ్యుల వాటాలు, సంతకం చేసే అధికారం ఎవరిదో చూపే కాగితం తీసుకెళ్ళండి. ముందు ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కౌంటరులో ఫార్మ్ నంబరు, ట్రాక్ట్ నంబరు (వాళ్ళ రికార్డుల్లో మీ సేద్యాన్నీ, భూమి ముక్కనూ గుర్తించే సంఖ్యలు) మీ పేర్ల మీదికి మార్పించుకోండి, అవి లేకుండా పక్క గదిలోని ఎన్‌ఆర్‌సీఎస్ వాళ్ళు దరఖాస్తును ముందుకు కదిలించలేరు. తర్వాత పొలం చూడటానికి ప్లానర్‌ను రమ్మని అడగండి. వసంతంలో ఒక పెద్ద వాన పడ్డాక, పంట పైకి లేవకముందు అయితే నీరు ఎటునుంచి దిగి ఎక్కడ తెంపుతోందో నేల మీదే కనిపిస్తుంది. ఆ రోజు కౌలు రైతును కూడా వెంట తీసుకెళ్ళండి, ఏ గండి ఏ ఏడాది మొదలైందో ఆయనకే బాగా తెలిసి ఉంటుంది.